ముచ్చట నేర్పిన టీచరమ్మ

హెలెన్ కెల్లర్ పాఠం మనలో చాలామంది స్కూల్లో చదివే ఉంటాం. చూపు లేదు, వినికిడి లేదు, అయినా డిగ్రీ చేసింది, పుస్తకాలు రాసింది. ఆ పాఠంలో ఆమె టీచర్ రెండు మూడు లైన్లలో వచ్చి వెళ్లిపోతుంది. ఈసారి మ్యాగజైన్‌కి నేను రాస్తున్నది ఆ టీచర్ గురించే. పేరు యానీ సలివాన్. ఆమె గురించి నేను ఎందుకు వెతుక్కోవాల్సి వచ్చిందో ముందు చెప్తా.

మాది పాతబస్తీలో లాల్‌దర్వాజా. కింద మేముంటాం, పైన చిన్నమ్మ వాళ్లు. చిన్నమ్మ కొడుక్కి పన్నెండేళ్లు. ఇంట్లో అందరం చిన్నోడనే పిలుస్తాం. వాడికి మాటలు ఆలస్యంగా వచ్చాయి, ఏదైనా నేర్చుకోవడం కూడా నెమ్మదే. స్పెషల్ స్కూల్‌కి పోతాడు. వాడికి మాట వచ్చు, ముచ్చట రాదు. ఏం తిన్నావ్ అంటే అన్నం అంటాడు. స్కూల్‌కి పోయినవా అంటే పోయిన అంటాడు. అంతే, అక్కడితో అయిపోతుంది.

పోయిన ఎండాకాలం సెలవుల్లో వాడి కోసం ఒక యాప్ చేశాను. స్క్రీన్ మీద బొమ్మ వస్తుంది, వాడు పేరు చెప్తే స్టార్ పడుతుంది. మొత్తం 200 బొమ్మలు. రెండు నెలల్లో దాదాపు అన్నీ చెప్పేశాడు. నేను ఫుల్ ఖుషీ. ఒకరోజు చిన్నమ్మ మామూలుగానే ఒక మాట అంది. నేను పైకి రాగానే వాడు సార్ వచ్చినట్టు సర్దుకుని కూర్చుంటున్నాడట, ప్రశ్న కోసం ఎదురు చూస్తూ. ఆ రాత్రి చాలాసేపు నిద్ర పట్టలేదు. పిల్లలకి మాట్లాడటం ఎలా నేర్పుతారో వెతుకుతూ పోతే యానీ దొరికింది.

ఆమె 1866 ఏప్రిల్ 14న అమెరికాలోని మసాచుసెట్స్‌లో, ఐర్లండ్ నుంచి వలస వచ్చిన పేదవాళ్ల ఇంట్లో పుట్టింది. ఐదేళ్లప్పుడు ట్రకోమా అనే కంటి జబ్బు వచ్చి చూపు బాగా దెబ్బతింది. ఎనిమిదేళ్లప్పుడు తల్లి టీబీతో పోయింది. తర్వాత తండ్రి పిల్లల్ని వదిలేశాడు. 1876లో ఆమెను, తమ్ముడు జిమ్మీని ట్యూక్స్‌బరీలో దిక్కులేనివాళ్లని ఉంచే ప్రభుత్వ ఆశ్రమానికి పంపారు. కొన్ని నెలలకే జిమ్మీ చనిపోయాడు. ఆమె అక్కడే నాలుగేళ్లు ఉంది. ఒకరోజు తనిఖీకి పెద్దమనుషులు వస్తే వాళ్ల వెంటపడి, నేను స్కూల్‌కి పోతానని అడిగేసింది.

అలా 1880లో బోస్టన్‌లోని పెర్కిన్స్ అంధుల పాఠశాలలో చేరింది. పద్నాలుగేళ్లు వచ్చినా చదవడం, రాయడం రాదు. కళ్లకి ఆపరేషన్లు చేశాక చూపు కొంత తిరిగొచ్చింది. ఆ స్కూల్లోనే లారా బ్రిడ్జ్‌మన్ అనే పెద్దావిడ ఉండేది. హెలెన్ కంటే చాలా ముందే, చూపూ వినికిడీ లేకుండా చదువుకున్నావిడ. ఆమెతో మాట్లాడాలంటే అరచేతిలో వేళ్లతో ఒక్కో అక్షరం చెప్పాలి. యానీ ఆ వేళ్ల భాష అక్కడే నేర్చుకుంది. 1886లో చదువు పూర్తయిన రోజు క్లాస్ తరఫున ప్రసంగం చేసింది కూడా ఆమే.

1887 మార్చి 3న అలబామాలోని టస్కంబియాలో హెలెన్ ఇంటికి చేరింది. అప్పటికి యానీకి ఇరవై ఏళ్లు, అంటే నాకంటే ఒక్క ఏడాది పెద్ద. హెలెన్‌కి ఇంకా ఏడేళ్లు నిండలేదు. 19 నెలల వయసులో జబ్బు చేసి చూపు, వినికిడి రెండూ పోయాయి. యానీ బొమ్మ చేతికిచ్చి, అరచేతిలో దాని పేరు అక్షరాలుగా చెప్పింది. హెలెన్ ఆ వేళ్ల కదలికలని అలాగే తిరిగి చేసింది, కానీ అది ఒక పేరు అని ఆమెకి తెలీదు. నా యాప్ గుర్తొచ్చింది.

మొదటి రోజుల్లో అన్నం దగ్గర యానీ చూపించిన మొండిపట్టు, పిల్లని తల్లిదండ్రులకి దూరంగా పక్కనున్న చిన్న ఇంట్లో పెట్టడం చదువుతుంటే నాకు ఇబ్బందిగానే అనిపించింది. చిన్నోడితో ఎవరైనా అలా చేస్తే నేను ఒప్పుకోను. ఏప్రిల్ 5న పంపు దగ్గర నీళ్లు చేతి మీద పడుతుంటే, ఆ అక్షరాలు ఆ నీళ్ల పేరే అని హెలెన్‌కి తెలిసిపోవడం అందరికీ తెలిసిన కథే. బ్లాక్ సినిమా చూసినవాళ్లకి అలాంటి సీన్ గుర్తుండే ఉంటుంది.

అసలు సంగతి ఆ తర్వాతే ఉంది, సినిమాల్లో అది పెద్దగా కనపడదు. అవే రోజుల్లో యానీ హెలెన్ బంధువుల పసిపిల్లని గమనించింది. పదిహేను నెలల పిల్ల. అనగలిగే మాటలు కొన్నే, అర్థమయ్యేవి చాలా. ఆ పిల్లకి ఎవరూ పాఠం చెప్పట్లేదు, ఊరికే చుట్టూ ఉండి మాట్లాడుతున్నారంతే. అది చూసి యానీ టైమ్‌టేబుల్ పక్కన పడేసింది. పసిపిల్ల చెవిలో మనం ఎలా మాట్లాడతామో హెలెన్ అరచేతిలో అలా మాట్లాడటం మొదలుపెట్టింది. ఒక్కో పదం కాదు, పూర్తి వాక్యాలు. అర్థమైందా అని ప్రతిసారీ ఆపి పరీక్ష పెట్టేది కాదు. బుర్రలో చెప్పడానికి ఏదో ఒకటి ఉంటే మాట అదే వస్తుందని ఆమె నమ్మకం. అందుకే పిల్లని తోటలోకీ పొలాల్లోకీ తిప్పింది.

చేత్తో పట్టుకోలేని మాటలు ఇంకా కష్టం. ప్రేమ అంటే ఏంటని హెలెన్ అడిగింది. పువ్వుల వాసనా అంది, ఎండా అంది, ఏదీ కాదు. కొన్ని రోజుల తర్వాత పూసలు గుచ్చుతూ వరస తప్పి, ఎక్కడ పోయిందా అని హెలెన్ కిందామీదా పడుతుంటే యానీ ఆమె నుదురు తాకి, ఆలోచించు అనే మాట అరచేతిలో చెప్పింది. తన తలలో అప్పుడు జరుగుతున్న పని పేరే అదని హెలెన్‌కి తట్టింది.

పరీక్ష పెడితే ఏమవుతుందో కూడా ఆమె జీవితంలోనే ఉంది. పదకొండేళ్లప్పుడు హెలెన్ ఒక కథ రాస్తే, అది అచ్చయిన వేరే కథని పోలి ఉందని గొడవయింది. 1892లో పెర్కిన్స్‌లో పెద్దవాళ్లంతా కూర్చుని, యానీని బయటికి పంపేసి, ఆ పిల్లని ప్రశ్నల మీద ప్రశ్నలు అడిగారు. తన తలలోకి వచ్చే మాట తనదేనా అనే భయం ఆ తర్వాత చాలా కాలం హెలెన్‌ని వదల్లేదు. చిన్నోడి కంటే ఒక్క ఏడాది చిన్న అప్పటికి.

మిగతాది గబగబా చెప్పేస్తా. రాడ్‌క్లిఫ్ కాలేజీలో లెక్చర్లన్నీ యానీయే అరచేతిలో చెప్పింది, 1904లో హెలెన్ డిగ్రీ తీసుకుంది. 1905లో యానీ జాన్ మేసీని పెళ్లి చేసుకుంది, కొన్నేళ్లకి విడిపోయారు. చివరికి ఉన్న కాస్త చూపూ పోయింది. 1936 అక్టోబర్ 20న చనిపోయేటప్పుడు ఆమె చేయి హెలెన్ చేతిలోనే ఉంది. టస్కంబియాలో అడుగుపెట్టి అప్పటికి 49 ఏళ్లు.

నేను యాప్ తీసేశాను. వాడిని అడగడం మానేసి నా సంగతులు చెప్పడం మొదలుపెట్టాను. ల్యాబ్‌లో ప్రోగ్రామ్ రన్ కాలేదని, చార్మినార్ దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కున్నానని. చెప్పి మనసులో పది లెక్కపెట్టేవాణ్ని. పది దాకా ఆగడం ఎంత కష్టమో మీరూ ఒకసారి ట్రై చేయండి. చాలా వారాలు ఏమీ జరగలేదు. రెండు మూడు సార్లు ఆగలేక మళ్లీ ఇదేంటి, అదేంటి అని అడిగేశాను కూడా.

ఈ సంక్రాంతికి ఇద్దరం మిద్దె మీద ఉన్నాం. నా పతంగి తెగి షాలిబండ వైపు కొట్టుకుపోయింది. మస్తు బాధయిందిరా, పొద్దున్నే కొన్న పతంగి అని చెప్పి, అలవాటుగా లెక్కపెట్టడం మొదలుపెట్టాను. పది కూడా దాటిపోయింది. అప్పుడు వాడు అటే చూస్తూ, అన్నా, ఎవరికి దొరికింది అని అడిగాడు.

తెల్వదురా అన్నాను. ఇద్దరం ఆ ఇళ్ల మీదున్న పిల్లల్ని ఒక్కొక్కరినీ చూస్తూ చాలాసేపు అక్కడే నిలబడ్డాం. తెల్లారి స్కూల్ నుంచి రాగానే మళ్లీ అదే అడిగాడు.