రాగి టంకముల సుల్తాను

శ్రీశైలమునందును, ఆళ్లగడ్డకు చేరువనున్న అహోబలమునందును యాత్రికులకై మెట్లు కట్టించినవాడు ప్రోలయ వేమారెడ్డి. అంతకు పూర్వము ఈ సీమ కాకతీయ ప్రతాపరుద్రుని యేలుబడిలో నుండెను. 1323లో ఢిల్లీ సేన ఓరుగంటి దుర్గమును పట్టుకొని ఆ రాజును చెరగొనిపోయెను. ఆ సేనను నడపిన రాకుమారుడే ముహమ్మదు బిన్ తుగ్లకు.

తండ్రి గియాసుద్దీను మరణింపగా 1325లో అతడు సుల్తానయ్యెను. తర్కమునందును, పారసీక సాహిత్యమునందును ఆరితేరినవాడు, చక్కని వ్రాతకాడు. అంతటి పండితులు సింహాసన మెక్కుట అరుదు. కాని తలచినది తత్క్షణమే జరుగవలెనను తొందర అతనిని విడువలేదు. 1327లో రాజధానిని దేవగిరికి మార్చి ఢిల్లీవాసుల నగచాట్లపాలు చేసెను.

యుద్ధములచేతను, అంతులేని దానములచేతను బొక్కసము తరుగుచుండెను. చీనాదేశమున కుబ్లయిఖాను కాగితపు ద్రవ్యమును చెల్లించినట్లు సుల్తాను వినియుండెను. 1329-30లో రాగి, ఇత్తడి టంకములను ముద్రింపించి, వానిని వెండి టంకముల విలువకే పుచ్చుకొనవలెనని శాసించెను. సుల్తానునకు విధేయుడగుట దైవమునకు విధేయుడగుటయే యను భావము వానిపై చెక్కించెను.

ఇచ్చటనే చిక్కు వచ్చినది. వెండి నాణెము విలువ దానిలోనే యున్నది. తగరమో సీసమో కలిపినచో త్రాసు చెప్పును, మ్రోత చెప్పును. రాగి టంకమునకు అట్టి పరీక్ష లేదు. దొంగనాణెములోను రాగియే, దొరనాణెములోను రాగియే! భేదమెల్ల పైముద్రలోనే. ఆ ముద్రను చెక్కుట చేయితిరిగిన కంసాలికి కష్టమా? చీనాలోనన్న కాగితపు తయారీ ప్రభుత్వము చేతిలో నుండెను. దానిపై అధికారుల ముద్రలుండెను. కృత్రిమము చేసినవానికి మరణదండన విధించిరి. ఇచ్చట అచ్చువేయుటయే కాని కాపుదల లేకపోయెను.

ఇంటింట కమ్మటము వెలసినదని ఆనాటి చరిత్రకారుడు బరనీ వ్రాసెను. ఆ మాటలో కొంత అతిశయోక్తి యుండవచ్చును. జనులు పన్నులు రాగితో చెల్లించి, వెండిని దాచుకొనిరి. వర్తకులు రాగిని ముట్టరైరి.

రెండుమూడేండ్లకే సుల్తాను శాసనమును రద్దుచేసెను. రాగి తెచ్చినవారికెల్ల బొక్కసమునుండి వెండి బంగారముల నిప్పించెను. మంచివేవో దొంగవేవో వేరుచేయ నలవికాక అన్నిటికిని చెల్లించెను. నేరము చేసినవాడును లాభముతో ఇల్లు చేరెను. అయినను రాజముద్రను నమ్మిన అమాయకుడు మోసపోలేదు. ఈ ఒక్క విషయమున సుల్తానును మెచ్చుకొనవలెను. రాగి టంకములు తుగ్లకాబాదులో గుట్టలుగా పడియుండెను.

1335లో దక్షిణమునకు దండెత్తివచ్చుచు ఓరుగల్లు చేరగా, అంటువ్యాధి అతని సైన్యమును నేలగూల్చెను. తెలుగుసీమ చేజారెను. తిరుగుబాట్లు అణచుచునే అతడు 1351లో సింధునదీ తీరమున, తట్టా చేరువ, జ్వరముచే కన్నుమూసెను.