రాయలవారి అప్పాజీ

దసరా అనగానే మనలో చాలామందికి మైసూరు గుర్తుకొస్తుంది గానీ, అంతకంటే ముందే హంపీలో తొమ్మిది రోజుల ఉత్సవం ఘనంగా జరిగేది. పోర్చుగీసు యాత్రికుడు పయస్ ఆ వైభవాన్ని కళ్ళారా చూసి రాసిపెట్టాడు. ఆ కొలువులో శ్రీకృష్ణదేవరాయలు అప్పాజీ అని పిలుచుకున్న మహామంత్రి సాళువ తిమ్మరుసు గురించి ఈసారి చెప్పుకుందాం.

తిమ్మరుసు అంతకుముందు రాయలవారి అన్న వీరనరసింహరాయల దగ్గరా మంత్రే. అన్నగారు అవసానదశలో తన కొడుక్కే రాజ్యం దక్కాలని తమ్ముడి కళ్ళు తీయించమన్నారట. మంత్రి మేక కళ్ళు తెచ్చి చూపించి ఆ యువకుణ్ణి కాపాడారట. ఈ కథ రాసింది న్యూనిజ్ అనే గుర్రాల వర్తకుడు. అతను తర్వాతెప్పుడో వచ్చి విన్నది రాసినవాడు కనుక, అక్షరాలా నిజమని మేము అనలేం. 1509లో రాయలు గద్దెనెక్కాక ఈ పెద్దాయన మాటే రాజ్యంలో చెల్లింది. కొండవీటి కోటను 1515లో గజపతుల నుంచి తీసుకున్నది ఆయనేనని మంగళగిరి శాసనం చెబుతుంది. ఇంత తీరిక లేని మనిషి అగస్త్యుడి బాలభారతానికి సంస్కృతంలో వ్యాఖ్యానం కూడా రాశారు!

శాండీఫోర్డ్‌లో ఉంటున్న మనకు ఇక్కడి పద్ధతి ఒకటి తెలిసే ఉంటుంది. 1937 నాటి రాజ్యాంగం ఐర్లండ్ అధ్యక్షుడికి కౌన్సిల్ ఆఫ్ స్టేట్ అనే పెద్దల సభను ఇచ్చింది. మాజీ అధ్యక్షులు, మాజీ ప్రధానులు అందులో ఉంటారు. ఏదైనా బిల్లును సుప్రీంకోర్టుకు పంపే ముందు అధ్యక్షుడు వారిని అడిగి తీరాలి, అయితే వారు చెప్పినట్టే చేయనక్కర్లేదు. సలహా నచ్చకపోయినా ఆ పెద్దలకు వచ్చే ముప్పేమీ లేదు. అప్పాజీకి అలాంటి రక్ష లేకపోయింది.

1524లో రాయలు ఆరేళ్ళ కొడుకు తిరుమలరాయలికి పట్టం కట్టారు. కొద్ది నెలలకే ఆ పిల్లవాడు పోయాడు. విషం పెట్టించింది తిమ్మరుసు కొడుకేనని రాయలకు అనుమానం కలిగింది. నిండు కొలువులో నింద మోపి, చెరసాలలో వేయించి, చివరికి ముసలి మంత్రి కళ్ళు తీయించారని అదే న్యూనిజ్ రాశాడు. 1962 నాటి మహామంత్రి తిమ్మరుసు సినిమాలో గుమ్మడిగారిని చూసి కన్నీళ్ళు పెట్టుకున్నవాళ్ళు మనలో ఎందరో!

రాయలంటే మాకు ఎంతో గౌరవం. అయినా ఇక్కడ తప్పు ఆయనదే అనిపిస్తుంది. పుత్రశోకంలో చెవిన పడిన మాట నిజమా, చాడీయా అని అడగడానికి ఆయనకున్న పెద్దదిక్కు అప్పాజీయే. నింద పడిందేమో ఆయన ఇంటిమీదే. నిదానించమని చెప్పగలిగినవారు ఇంకెవరూ లేకపోయారు.

రాయలు 1529లో కన్నుమూశారు. పెనుకొండలో తిమ్మరుసు సమాధి అని ఒక కట్టడాన్ని అక్కడివాళ్ళు ఇప్పటికీ చూపిస్తారు.