భూమి పంచిన ముఖ్యమంత్రి దామోదరం సంజీవయ్య

కర్నూలు జిల్లా పెదపాడులో సొంత భూమి లేని మాల కుటుంబంలో 1921 ఫిబ్రవరి 14న దామోదరం సంజీవయ్య పుట్టారు. పుట్టిన కొద్దిరోజులకే తండ్రి చనిపోయారు. కర్నూలు, అనంతపురంలో చదివి, మద్రాసులో లా పూర్తి చేశారు. 1952లో రాజాజీ మంత్రివర్గంలో చేరారు.

1960 జనవరి 11న, 38 ఏళ్లకే ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి అయ్యారు. దేశంలోనే తొలి దళిత ముఖ్యమంత్రి ఆయన. వృద్ధాప్య పింఛన్లు, అవినీతి నిరోధక శాఖ ఆయన హయాంలో వచ్చినవే. అన్నిటికన్నా పెద్ద పని భూపంపిణీ. దళితులకు, భూమి లేని పేదలకు సుమారు 6 లక్షల ఎకరాల బంజరు భూమి పంచారని చెబుతారు. పాలేరుగా బతికిన మనిషికి పట్టా అంటే కాగితం కాదు, ఊళ్లో తలెత్తుకుని నిలబడే హక్కు.

1962 ఎన్నికల్లో కాంగ్రెస్ గెలిచినా ముఖ్యమంత్రి కుర్చీ మళ్లీ నీలం సంజీవరెడ్డికే దక్కింది. సంజీవయ్య ఢిల్లీ వెళ్లి కాంగ్రెస్ అధ్యక్షుడయ్యారు, ఆ పదవికీ తొలి దళితుడు ఆయనే. తర్వాత కేంద్ర కార్మిక మంత్రిగా పనిచేశారు. రెండోసారి పార్టీ అధ్యక్షుడిగా ఉండగానే 1972 మేలో కన్నుమూశారు.

పేదలకిచ్చిన భూములు చేతులు మారుతుంటే, వాటి అమ్మకాలను, కొనుగోళ్లను నిషేధిస్తూ 1977లో చట్టం చేయాల్సి వచ్చింది. చట్టం వచ్చినా అన్యాక్రాంతం ఆగలేదు. హైదరాబాద్‌లో హుస్సేన్‌సాగర్ ఒడ్డున పార్కుకు సంజీవయ్య పేరుంది. జయంతికి దండలు పడతాయి. మన ఊళ్లో అసైన్డ్ భూమి ఎంత, ఇప్పుడు ఎవరి సాగులో ఉంది? రెవెన్యూ రికార్డులు అడిగి తేల్చడమే ఆయనకు అసలైన నివాళి.