మన్రో దొర చిరకాలవాంఛ

సర్ తామస్ మన్రో 1761వ సంవత్సరమున స్కాట్లండులోని గ్లాస్గో నగరమున జన్మించెను. తండ్రి వర్తకుడు. అమెరికా యుద్ధమువలన వ్యాపారము దెబ్బతిని కుటుంబము చితికిపోగా, తామస్ పందొమ్మిదవ యేట ఈస్టిండియా కంపెనీ సైనికుడై 1780లో చెన్నపట్టణమున దిగెను. చిన్ననాడు తాను ఈదులాడిన కెల్విన్ ఏరు ఆతని మనస్సును వీడలేదు. ఎన్నడు ఇల్లు చేరుదునా యని తలపోయుచుండెను.

1800లో నిజాము దత్తమండలములను కంపెనీకి ఇచ్చివేసెను. ఆదవాని, ఎమ్మిగనూరుల నల్లరేగడి నేలలును వానిలోనివే. ఆ మండలములకు ప్రధాన కలెక్టరుగా వచ్చిన మన్రో ఏడేండ్లు గుడారములలో కాపురముండి, ఊరూర తిరిగి, పొలములు కొలిపించి, రైతులతో నేరుగా శిస్తు ఒప్పందములు చేసికొనెను. ఆతడు పరాయి పాలకుడే. ఆతడు విధించిన శిస్తు తేలికైనదియు కాదు. అయినను ఆ భారమును తానే గుర్తించి, నాలుగవ వంతు తగ్గింపవలెనని 1807లో పైవారికి వ్రాసెను. వారు అప్పుడు అంగీకరింపలేదు. ఆ యేడే మన్రో స్వదేశమునకు పయనమయ్యెను.

దాదాపు ఇరువదెనిమిది యేండ్లు కన్న కల ఫలించినది. ఒకనాడు ఆతడు కెల్విన్ ఒడ్డునకు పోయెను. ఎడతెగని వాన కురియుచుండెను. ఎండుటాకులు రాలుచుండగా ఆనకట్టపై దుముకు నీటిని చూచుచు గంటకుపైగా నిలువబడెను. నీటి సవ్వడి, చెట్లగాలి నాటివలెనే యున్నవి. కాని ఎదుటి ఒడ్డున ఎవరో కట్టుకొన్న క్రొత్త యిల్లు కనబడెను. తన తలపులలోని ఏటిపై ఎప్పుడును ఎండ కాయుచుండెడిది. గడచిన కాలము మరలి రాదని ఆతనికి తెలిసినది. ఎండ కాసిన దినమున మరల రావలెనని తలంచుకొని వెడలిపోయెను. అప్పటికే చెవుడు వచ్చినందున నలుగురితో కలిసి మాటలాడుటయు కష్టమై, ఒంటరిగా నడచుటయే ఆతనికి మిగిలిన సంతోషమయ్యెను.

1814లో జేన్ కాంబెల్‌ను వివాహమాడి మరల ఇండియాకు వచ్చెను. 1820లో మద్రాసు గవర్నరయ్యెను. తాను మునుపు కోరిన శిస్తు తగ్గింపు ఇప్పుడు అమలులోనికి వచ్చినది. ఇంతలో మరల ఇంటిమీదికి మనసు పోయెను. 1823లో పదవి నుండి విడుదల కోరెను. మరుసటి యేడు బర్మా యుద్ధము వచ్చుటచే నిలిచిపోవలసి వచ్చెను. 1826లో భార్య జబ్బుపడిన చిన్న కుమారుని తీసికొని ఇంగ్లండుకు వెళ్లెను. గిండీ తోటలో నడచునపుడు వారు లేని వెలితి ఆతనిని బాధించెడిది.

ఓడ యెక్కు దినములు దగ్గరపడుచుండగా ఆతనికి ఇంకొక కోరిక కలిగినది: దత్తమండలములను కడసారి చూచి పోవలెను! మిత్రుల ముఖములు చూడవలెను. 1827 మే నెలాఖరున మద్రాసు విడిచి, గుత్తి మీదుగా జూలై 6వ తేదీ ఉదయమున, ఆదవానికి ఆగ్నేయముననున్న పత్తికొండకు చేరెను. అప్పటికే పరివారమున కలరా ప్రవేశించియుండెను. ఆ పగలే అది ఆతనికిని సోకెను. ఆ రాత్రియే ఆతడు మరణించెను. వయస్సు అరువదియారు.

దేహమును గుత్తికి కొనిపోయి మరునాడు పాతిపెట్టిరి. 1831లో అస్థికలను మద్రాసు కోటలోని చర్చికి మార్చిరి. తెరచాప ఓడల ఆ కాలమున ఈ వార్త సముద్రము దాటుటకు నెలలు పట్టెను. పత్తికొండలో ప్రభుత్వము ఆతని జ్ఞాపకార్థము నూయి త్రవ్వించి చెట్లతోపు నాటించెను. రైతులు తమ బిడ్డలకు ఆతని పేరు పెట్టుకొనిరి.