ఈత వీరుడు డ్యూక్ కహానమోకు

పసిఫిక్ మహాసముద్ర మధ్యముననున్న హవాయి దీవులలో, హొనొలులూ నగరమున, 1890 ఆగస్టు 24న డ్యూక్ కహానమోకు జన్మించెను. మన పిల్లలు కాలువలలో, దిగుడుబావులలో ఈత నేర్చినట్లే ఆతడు సముద్రమున నేర్చెను.

1896 ఏథెన్సు ఒలింపిక్సులో 100 మీటర్ల ఈత గెలిచిన హంగరీ యువకుడు ఆల్‌ఫ్రెడ్ హాయోష్‌కు 82.2 సెకండ్లు పట్టినది. 1911లో హొనొలులూ రేవున డ్యూక్, బారలు వేయుచు, కాళ్ళను వడివడిగా ఆడించుచు, 100 గజములను 55.4 సెకండ్లలో ఈదెను. నాటి రికార్డు కంటె ఇది నాలుగు సెకండ్లకు పైగా తక్కువ. అమెరికాలోని క్రీడాధికారులు నమ్మరైరి. గడియారములు తప్పనిరి, ప్రవాహము తోడ్పడెననిరి. మరుసటి యేడు స్టాక్‌హోమ్ ఒలింపిక్సులో 100 మీటర్లను 63.4 సెకండ్లలో ఈది ఆతడు స్వర్ణపతకము గెలిచెను. ఆ విజయమే వారికి సమాధానమైనది. 1920లో ఆంట్‌వెర్ప్‌లోను స్వర్ణము ఆతనిదే.

1922లో జానీ వైస్‌ముల్లర్ 58.6 సెకండ్లలో ఈది, ఆ దూరమును నిమిషములోపు దాటిన తొలివాడాయెను. 1924 పారిస్ ఒలింపిక్సులో అతడే ప్రథముడు. 33 ఏండ్ల డ్యూక్ ద్వితీయుడు.

1925లో కాలిఫోర్నియా తీరమున పడవ బోల్తాపడగా, డ్యూక్ తన అలల పలకపై పలుమార్లు పోయి ఎనిమిదిమందిని ఒడ్డునకు చేర్చెను. 1968 జనవరి 22న ఆతడు కన్నుమూసెను.

2024లో చైనా యువకుడు పాన్ జాన్‌లె 100 మీటర్లను 46.40 సెకండ్లలో ఈదెను. డ్యూక్ తొలి ఒలింపిక్ విజయము కంటె 17 సెకండ్లు తక్కువ. రికార్డులు చేతులు మారుచునే యుండును. డ్యూక్ ఈత వలన దక్కిన ఎనిమిది ప్రాణములు మాత్రము ఏ గడియారమునకును అందని లెక్క. కాలువగట్లపై పెరుగు మన బాలురు ఎరుగదగిన చరిత్ర ఇది.