ప్రతాపరుద్రుని కడపటి యుద్ధము

ఓరుగల్లు కోటను చూడవచ్చినవారు నాలుగు శిలాతోరణముల సౌందర్యమును కొనియాడి మరలిపోవుదురు. ఆ తోరణముల నడుమ శిథిలమై పడియున్న స్వయంభూ దేవాలయము ఏల కూలెనని యడుగువారు తక్కువ. అడిగినవారికి 1323వ సంవత్సరమును, ప్రతాపరుద్రుని చరిత్రమును చెప్పవలసి యుండును.

ప్రతాపరుద్రుడు రుద్రమదేవికి దౌహిత్రుడు, ముమ్మడమ్మ కుమారుడు. 1289లో రుద్రమ మరణింపగా రాజ్యమునకు వచ్చి, తిరుగబడిన కాయస్థ అంబదేవుని మొదట నణచెను. నాయకులకు సీమల నొసగి, ప్రతిగా సేనలను పోషింపజేయు నాయంకర పద్ధతిని విస్తరింపజేసెను. అట్టి నాయకులు డెబ్బదియేడుగురని ప్రతీతి.

1303లో ఢిల్లీ సేనలు ఉప్పరపల్లికడ ఓడి మరలినవి. 1310లో మాలిక్ కాఫర్ మట్టికోటను పట్టుకొని రాతికోటను ముట్టడింపగా, ప్రతాపరుద్రుడు ఏనుగులను, గుఱ్ఱములను, ధనమును ఇచ్చి ఏటేట కప్పము కట్టుట కొప్పుకొనెను. దీనిని పిరికితనమనువారు కలరు. రెండు కోటల నడుమ నివసించు పురజనుల ప్రాణములు అప్పుడు శత్రువు చేతిలో నుండెనని వారు మఱచుచున్నారు. ఢిల్లీలో బలము తగ్గినపుడెల్ల ఆతడు కప్పము నిలిపివేయుచునే వచ్చెను.

తుగ్లకుల కాలమున, 1321లో, సుల్తాను కుమారుడు ఉలుఘ్ ఖాన్ మాసముల తరబడి ఓరుగల్లును ముట్టడించెను. కోట లొంగలేదు. సుల్తాను మరణించెనను వదంతి శిబిరమున పుట్టి సేనానులు చెదరిపోగా, ఉలుఘ్ ఖాన్ దేవగిరికి వెనుదిరిగెను. ఓరుగల్లున ఉత్సవములు జరిగెననియు, శత్రువిక రాడని నమ్మి కోటలోని ధాన్యపు కొట్లను ఖాళీ చేసిరనియు చరిత్రకారులు చెప్పుదురు.

శత్రువు వచ్చెను. 1323లో ఉలుఘ్ ఖాన్ బీదరును, బోధనును ముందుగా పట్టుకొని, వెనుకదారి భద్రపఱచుకొని, కొత్త సేనతో ఓరుగల్లును చుట్టుముట్టెను. ఐదు మాసములు గడచినవి. రాతిగోడ పూర్వమువలెనే యుండెను. గాదెలు మాత్రము పూర్వమువలె లేవు. నాయకుల అంతఃకలహములే కోటను కూల్చెనని చెప్పుట మనవారికి పరిపాటి. కలహములు లేవని మేమనము. కాని రెండేండ్లకు ముందు ఉలుఘ్ ఖానును నిలిపినవారును ఆ నాయకులే కదా! గాదెలో గింజ లేని కామందు పంటయేడు ఎంత గొప్పదైనను కఱవున నిలువజాలడని మన పాఠకులకు వేఱుగా చెప్పనక్కఱలేదు. జయము కలిగిన యేడే ఆ రాజు మిక్కిలి జాగరూకుడై యుండవలసినది.

కోట వశమయ్యెను. దేవాలయము కూల్పబడెను. ఓరుగల్లునకు సుల్తానుపురమని పేరిడిరి. బందీయైన ప్రతాపరుద్రుని ఢిల్లీకి గొనిపోవుచుండగా ఆతడు సోమోద్భవా తీరమున, అనగా నర్మదయొడ్డున, మృతినొందెనని ముసునూరి ప్రోలయనాయకుని విలస తామ్రశాసనము తెలుపుచున్నది. స్వేచ్ఛచే దివికేగెనని 1423 నాటి అనితల్లి కలువచేరు శాసనము. ముప్పదినాలుగేండ్లు ఏలిన ప్రభువు సుల్తాను కొలువున తల వంచి నిలుచుటకంటె ఆ నదీతీరమునే కోరుకొనెనని మేము నమ్ముచున్నాము.

ప్రోలయ పిదప నాయకుల కూటమికి నేతయైన కాపయనాయకుడు 1336 ప్రాంతమున ఓరుగల్లును మరల గైకొనెను.