ఉయ్యాలవాడ దాత బుడ్డా వెంగళరెడ్డి

కొలిమిగుండ్ల దిక్కు నేల నాపరాతి నేల. బెలుం, కొలిమిగుండ్ల పొలములలో పార వేసినచో కొంత లోతుననే రాయి తగులును. ఇంటి గోడయు, కప్పును, వాకిటి అరుగును ఆ బండలతోనే కట్టుకొందురు. అచ్చటినుండి కోవెలకుంట్ల మీదుగా ఆళ్లగడ్డ వైపు సాగినకొలది రాయి తగ్గి నల్లరేగడి వచ్చును. కుందూనది ఆ రేగడి నడుమ ప్రవహించి, దక్షిణముగా సాగి, కడప సీమలో పెన్నలో కలియును. ఆ నల్లనేలలోని గ్రామమే ఉయ్యాలవాడ. 2022లో ఏర్పడిన నంద్యాల జిల్లాలో కొలిమిగుండ్లయు, ఉయ్యాలవాడయు రెండు మండలములు. వాన కురిసిన ఏడు రేగడి నేల బంగారము. కురియని ఏడు రాతి నేలకు, రేగడి నేలకు భేదమేమియు లేదు.

ఉయ్యాలవాడ యనగానే లోకమునకు స్ఫురించునది నరసింహారెడ్డి పేరు. 1800లో నిజాము ఈ సీమను కుంపిణీవారికి వదలుకొనిన పిదప పాలెగాండ్ర కోటలు పడిపోయినవి, ఆయుధములు పోయినవి, భరణములు మాత్రము మిగిలినవి. నొస్సము పాలెగాని వంశమునకు రావలసిన భరణమును ప్రభుత్వము నిలిపివేయగా, 1846లో నరసింహారెడ్డి తిరుగబడి కోవెలకుంట్ల ఖజానాపై పడెను. 1847 ఫిబ్రవరి 22న ఆయనను కోవెలకుంట్లలో ఉరితీసిరి. ఆ తలను కోటగుమ్మమునకు వ్రేలాడదీసి 1877 వరకు అట్లే యుంచిరి. దారిన పోవువారు ముప్పది యేండ్లు ఆ తలను చూచుచునే సంతకు పోయి వచ్చుచుండిరి.

ఆ తల ఇంకను గుమ్మమున వ్రేలాడుచుండగనే అదే ఉయ్యాలవాడలో మరియొక రెడ్డి పేరు పైకి వచ్చెను. ఈయన కత్తి పట్టినవాడు కాడు, కోట కట్టినవాడు కాడు, కాపురమున్న సేద్యగాడు. ఆయనయే బుడ్డా వెంగళరెడ్డి. పొలము, పశువులు, పాతరల నిండ జొన్నలు గల ఇల్లు ఆయనది. ఇంటికి వచ్చినవానిని ఆకలితో పంపుట ఆ ఇంట లేదని చెప్పుకొందురు. కట్టుబట్ట లేనివారికి బట్ట, బిడ్డ పెండ్లి గడువక నిలిచినవారికి ఇంత ధాన్యమో, ఇంత రొక్కమో ఇచ్చి పంపెడివారు. ఇవియన్నియు చిన్న పనులు. ఇచ్చినవారు మరచిపోదురు, పుచ్చుకొనినవారు మరువరు. ఇట్టివి శాసనములకు ఎక్కవు. కరువే రాకున్నచో వెంగళరెడ్డి పేరు ఆ నాలుగు ఊళ్లలోనే నిలిచియుండెడిదేమో.

కరువు వచ్చినది. 1865లో వాన సరిగా కురియలేదు. మరుసటి యేటికి ఉత్తరమున ఒరిస్సా, గంజాముల మొదలు ఇటు దత్తమండలముల వరకు ధాన్యము కరవైనది. తెలుగు లెక్కలో ఆ 1866వ యేటి పేరు అక్షయ. పేరులోనే తప్ప ఆ యేడు ఏ గరిసెలోను అక్షయమన్నది లేదు.

వాన తప్పుట ఒక్కటియే దీనికి కారణము కాదు. 1861 మొదలు 1865 వరకు అమెరికా ఖండమున అంతర్యుద్ధము జరుగగా అచ్చటి ప్రత్తి ఇంగ్లండు మిల్లులకు అందలేదు. మన దేశపు ప్రత్తికి ఎన్నడును లేని ధర వచ్చినది. రేగడి నేలలు ప్రత్తికి పెట్టినది పేరు. జొన్న, కొర్ర పండవలసిన చేలు కొన్ని ప్రత్తికి మరలినవి. యుద్ధము ముగియగనే ప్రత్తి ధర పడిపోయెను. ఎన్నడును చూడని దేశముల యుద్ధము కుందూ ఒడ్డున కూలివాని సంకటి ముద్దను ఈ విధముగా కుదించినది.

అట్టి కాలమున పాతరలో జొన్నలున్న గృహస్థునకు రెండు దారులుండెడివి. ధర ఇంకను పెరుగునని పాతరను కప్పియుంచుట యొకటి. నాగుకు ఇచ్చుట రెండవది. నాగు అనగా ధాన్యపు అప్పు. పంట వచ్చిన పిదప వడ్డీయు ధాన్యరూపముననే కొలిచి తీర్చవలెను. వరుసగా రెండేండ్లు పంట తప్పినచో అప్పు తీరదు, చేను చేతులు మారును. కరువు వెళ్లిన తరువాత కొందరి ఆస్తి రెట్టింపగుట ఈ సీమలో క్రొత్త కాదు. ఇది చట్టమునకు విరుద్ధము కాదు. లోకము దానిని తెలివి యనును.

వెంగళరెడ్డి ఈ రెండు దారులను వదలి పాతర తెరపించిరి. పాతర తెరచుట యనగా మూత తీసి చేయి పెట్టుట కాదు. భూమిలో లోతుగా త్రవ్వి, అడుగునను ప్రక్కలను గడ్డి పరచి, జొన్నలు పోసి, మన్నుతో పూడ్చిన గొయ్యి అది. తెరచిన వెంటనే దిగినవాడు లోపలి చెడుగాలికి ప్రాణము విడుచును. కొంత కాలము తెరచియుంచి, గాలి ఆడనిచ్చి, పిదప దిగవలెను. తెరచిన పాతర మరల నిండవలెనన్న మంచి యేడు రావలెను. 1866లో ఆ యేడు ఎప్పుడు వచ్చునో ఎవ్వరికిని తెలియదు. ఇంటిలో పెద్దలు, పిన్నలు, పాలేర్లు, ఎద్దులు, అందరికిని ఆ ధాన్యమే ఆధారము. దాతృత్వమును పొగడునప్పుడు ఈ లెక్కను మరచుట తగదు. మిగిలినది ఇచ్చుట వేరు, రేపు చాలునో చాలదో తెలియనిది ఇచ్చుట వేరు.

ఉయ్యాలవాడలో గంజి పొయ్యిలు వెలిగినవి. వార్త ఊరినుండి ఊరికి ప్రాకి ఆకలిగొన్నవారు నడచి వచ్చిరి. వేలమందికి నెలల తరబడి గంజి పోసిరని ఆ ప్రాంతపు పెద్దలు తరతరములుగా చెప్పుచు వచ్చిరి. గంజియే ఎందులకు పోసిరనిన, దానికి కారణము కలదు. దినములకొలది ఎండిన కడుపు ఒక్కమారుగా ముద్దను తట్టుకొనలేదు. ఆత్రముతో కడుపునిండ తినిన అభాగ్యులు తినినచోటనే కూలిపోవుట కరువులలో కనిపించును. పలుచని గంజితో మొదలుపెట్టి మెల్లగా చిక్కబరుపవలెను. ధాన్యము కొలిచి ఒడిలో పోసి పంపుట సులభము. కాని కట్టెలు, నీరు, కుండ, వండుకొనుటకు ఓపిక, ఇవి నడచి వచ్చినవానికి ఎక్కడివి? వండి పోయుటలో శ్రమ యంతయు పోయువానిది. గంగాళములు తోమవలెను, కట్టెలు తోలించవలెను, తెల్లవారకముందే పొయ్యి రగిలించవలెను. ఒక దినము పుణ్యము కొరకు చేయుట కాదు. మరునాడు అదే వరుస మరల కూర్చుండును, నిన్నటికంటె పొడవుగా.

పదియేండ్లకు అంతకంటె ఘోరమైన ధాత కరువు వచ్చెను. 1876 మొదలు 1878 వరకు మద్రాసు రాజధానిలో చాల భాగమును అది పీడించినది. కర్నూలు జిల్లాలో 1871 జనాభా లెక్కకును, 1881 లెక్కకును నడుమ నాలుగింట నొక వంతు జనము తగ్గిపోయిరి. వెంగళరెడ్డి గంజి పోసిన కరువును 1866 నాటిదిగా చెప్పుట వాడుక యైనను, జనుల నోట ఆ రెండు కరువులును కలిసిపోయి, ధాత కరువనియే ఆయన కథను చెప్పువారును కలరు.

ధాత కరువులో ప్రభుత్వము చేసిన సహాయము ఎట్టిదో చూచినచో వెంగళరెడ్డి రీతి మరింత తేటపడును. 1877 జనవరి 1న ఢిల్లీ దర్బారులో విక్టోరియా రాణిని భారత చక్రవర్తినిగా ప్రకటించిరి. అదే మాసమున సర్ రిచర్డు టెంపుల్ మద్రాసునకు వచ్చి కరువు పనుల కూలిని తగ్గించెను. మట్టి మోయు మగవానికి దినమునకు ఒక పౌను ధాన్యమునకు సరిపడు కూలి, పైన కొద్ది చిల్లర. పౌను అనగా మన లెక్కలో సుమారు 39 తులములు. ఆ కొలతతో మనిషి పనిచేసి బ్రతుకలేడని వైద్యశాఖాధికారి కార్నిషు వాదించెను. ఎక్కువ పెట్టినచో జనులు సోమరులగుదురని ప్రభుత్వపు భయము. అందుచే పని చేయగలవాడు ఇల్లు విడిచి దూరపు పనిచోటికి పోవలెననియు, నిజముగా ఆకలిగొన్నవాడైనచో పోవుననియు నియమము పెట్టిరి. ఆకలికి పరీక్ష పెట్టుట యన్నమాట. ఇంత జరిగిన పిదప 1880లో కరువు సంఘము నివేదిక వచ్చెను, 1883లో కరువు నిబంధనలు వెలువడినవి.

ఉయ్యాలవాడలో అట్టి పరీక్ష ఉన్నట్లు ఏ కథయు చెప్పదు. ఏ ఊరివాడవు, ఏ కులమువాడవు, నీకు చేను కలదా, కొడుకులు కలరా యని అడిగి గంజి పోసిరని ఎవ్వరును చెప్పుకొనలేదు. అడుగకుండ పోయుటలో కొందరు అర్హత లేనివారును త్రాగిపోయి యుందురు. త్రాగిపోయినను పోయినదేమి, రెండు గరిటెల గంజి. అర్హత వెదకుచు కూర్చున్నచోట పోయినవి ప్రాణములు. ప్రభుత్వమునకు బాధ్యత పెద్దది, లెక్క చెప్పవలసిన పై అధికారి కలడు, కాబట్టి ఒక గృహస్థునితో దానిని సరిపోల్చుట పూర్తిగా న్యాయము కాకపోవచ్చును. అయినను గరిటె పట్టిన చేతికి, కలము పట్టిన చేతికి ఆకలి ఒక్క తీరున కనిపించదు.

వెంగళరెడ్డి లింగధారియని చెప్పుటకు ఈ కథ చెప్పుటలేదు. ఆయన ఆ సీమ రెడ్లలో నొకడు. అయినను మఠములలో దాసోహమను మాటను దినమును వినువారికి ఈ రీతి క్రొత్తది కాదు. నేనిచ్చువాడను, నీవు పుచ్చుకొనువాడవను ఎత్తుపల్లములు లేక, ఇచ్చువాడే సేవకుడై నిలుచుట దాసోహము. పాల్కురికి సోమనాథుని బసవపురాణములో రాజులకంటె ఎక్కువగా చాకలివారు, వేటగాండ్రు, కూలివారు కనిపించుటకును, వారి చిన్న ఇండ్లలోని చిన్న పనులు పెద్ద కథలగుటకును అదియే కారణము.

వెంగళరెడ్డి చేసిన పని దొరల చెవిని పడెను. విక్టోరియా రాణి పేరిట బంగారు పతకము వచ్చినది. అది ఇరువది తులముల పతకమని చెప్పుదురు. గోదావరి లంకలలో డొక్కా సీతమ్మగారి పేరును ఇట్లే ఏడవ ఎడ్వర్డు పట్టాభిషేక కాలమున ఇంగ్లండు వరకు పోయినది. వీరిరువురును ఒక కాలపువారే. ఒక భేదము మాత్రము గమనింపదగినది. 1852లో ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియైన పిదప గోదావరి సీమలో పంటకు కొంత నమ్మకము కలిగెను. సీతమ్మగారు ఎన్నడును ఆరని పొయ్యికి పేరొందినది. వెంగళరెడ్డి సీమలో కర్నూలు-కడప కాలువ త్రవ్వించిన కంపెనీ నష్టపడి, 1882లో ప్రభుత్వమే దానిని కొనవలసి వచ్చెను. ఆ సీమలో చేయి ముందు చాచి, పంట కొరకు తరువాత ఆకాశము వంక చూడవలెను.

పతకము వచ్చినందున పాతర నిండలేదు. ఇచ్చుట మానలేదు గనుక ఆస్తి తరుగుచునే పోయినదని చెప్పుకొందురు. ఆయన ఉండగనే 1891-92లోను, 1896-97లోను కర్నూలు జిల్లాను కరువులు మరల తాకినవి. ఒకమారు పేరు వచ్చిన ఇంటి వాకిటికి ప్రతి కరువున జనులు వత్తురు. ఈమారు లేదని చెప్పుట మొదటిమారు ఇచ్చుటకంటె కష్టము. ఆ భారమును మోసినవాని మనస్సు ఎట్లుండెనో గ్రంథములలో దొరకదు.

1900వ సంవత్సరము చివరి దినములలో వెంగళరెడ్డి కన్నుమూసెను. శతాబ్దము ముగియుటయు, ఆయన జీవితము ముగియుటయు ఒక్కసారి జరిగినవి.

ఉయ్యాలవాడ రెడ్ల నిద్దరిని రాయలసీమ పాటగాండ్రు పాటలలో నిలుపుకొనిరి. నరసింహారెడ్డి పాట వీరగాథ. అందులో గుఱ్ఱము, కత్తి, ఉరికొయ్య కలవు. వెంగళరెడ్డి పాటలో యుద్ధము లేదు. ఎన్ని పుట్ల జొన్నలు పోయినవో, ఎన్ని తులముల పతకము వచ్చినదో చెప్పుట ఆ పాటకు ముఖ్యము కాదు. ధర్మమన్నది ఏ ఊరిలో నున్నదో దారిన పోవువానికి చెప్పుటతో అది సాగును.